పాఠశాలల ఆటల కూటములు – వాని పూర్వోత్తరములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగ పాఠము)



ఈ సభలో భారతమునందలి సభావర్ణనలను గూర్చి మాట్లాడుమని కార్యదర్శిగారు మొదట నన్ను కోరిరి. నేను లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. గురుముఖమున కావ్యము చదివినవాడను కాను. ఈ గ్రంథాలయపు బల్లమీద ఒక ప్రక్క నిఘంటువును, ఒక ప్రక్క పుస్తకమును పెట్టుకొని రాత్రులు చదివినదే నా చదువు. పండితులున్న సభలో ఆ విషయము నాకు తగదని, పాఠశాలల ఆటల కూటములను గూర్చి చెప్పెదనంటిని. ఆయన నవ్వి, గ్రంథాలయమునకును ఆటలకును పొత్తు ఎక్కడిదని అడిగిరి. ఆ పొత్తు నా వెనుకనున్న బీరువా నెత్తిన కూర్చుండియున్నది. మీరందరు ఎరిగిన కప్పే అది. వెండిపూత పోయి ఇత్తడి బయటపడినది. ఒక చెవి వంగినది. ప్రతి సంక్రాంతికి ఎవరో ఒకరు చింతపండుతో తోముచుందురు. మన ఉన్నత పాఠశాల కబడ్డీ జట్టు జోను పోటీలలో గెలిచి తెచ్చినది. పాఠశాలలో తాళము పడు బీరువా లేకపోయినందున, ఈ గ్రంథాలయము తెరచిన ఏడాదియే ఇక్కడికి చేరినది. వస్తువుల పట్టిక వ్రాయువాడను నేనే కనుక దానిని పట్టికకెక్కించినవాడనును నేనే. దాని కథ తరువాత చెప్పెదను. అది అర్థమగుటకు ముందు కూటమి అనగానేమో చెప్పవలెను.

నాలుగైదు పాఠశాలలుగాని, పది పాఠశాలలుగాని తమలో తాము ఒక కట్టుబాటు చేసికొని, ఏటేట ఒకరి మైదానమునకు మరియొకరు పోయి, వంతులవారీగా ఆడుకొనుటకు ఏర్పరచుకొన్న సంఘమే కూటమి. అది దేశమంతటి పోటీ కాదు, రాష్ట్రపు పోటీయు కాదు, ఇరుగుపొరుగువారి పోటీ. అమెరికాలో దీనిని కాన్ఫరెన్సు అందురు. ఆ దేశపు చిన్న చిన్న ప్రైవేటు ఉన్నత పాఠశాలలు సైతము ఇట్టి కాన్ఫరెన్సులలో చేరి ఆడుకొనుచుండును. కాన్ఫరెన్సు అనగా సమావేశము గదా, ఆటల సంఘమునకు ఆ పేరేల అని నాకు సందేహము కలిగినది. ఆ దేశమున పుట్టిన తొలి పెద్ద కూటమి కథ చదివిన పిదప సందేహము కొంత తీరినది.

1895వ సంవత్సరము జనవరి 11వ తేదీన చికాగో నగరమునందు ఏడు విశ్వవిద్యాలయముల అధ్యక్షులు ఒకచోట కూడిరి. పిలిచినవాడు పర్డ్యూ విశ్వవిద్యాలయాధ్యక్షుడైన జేమ్స్ స్మార్ట్. ఆ కాలమున అమెరికా కళాశాలల ఫుట్‌బాలు జట్లలో చదువుకొను పిల్లలతోపాటు, ఏ తరగతిలోను పేరు లేని బలశాలులను సైతము దించుచుండిరి. ఆట ముగియగానే వారు తమ దారిన తాము పోవుచుండిరి. ఈ అధ్యక్షులు కూర్చుండి చేసిన ఏర్పాటులో ముఖ్యమైనది, బంతిని ఎట్లు పట్టవలెను, గీత ఎక్కడ గీయవలెను అనునది కాదు. నిజముగా పట్టికలో పేరుండి, పూర్తికాలము చదువుచు, చదువులో వెనుకబడని విద్యార్థియే ఆడవలెను అనునది. మరుసటి యేడు, అనగా 1896లో, ఆ సంఘము స్థిరపడినది. నేడు బిగ్ టెన్ అను పేర లోకమెరిగిన కూటమి అదియే.

నా వంటి లెక్కలవానికి ఇది చదివినప్పుడు కలిగిన సంతోషము మీతో చెప్పకుండలేను. ఆటల సంఘమునకు పునాదిరాయి హాజరు పట్టికయని ఒక దేశపు పెద్దలు ఒప్పుకొనిరి గదా!

ఇది మనకు క్రొత్త సంగతియు కాదు. ఆదిపర్వమునందు కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనము జరిగినప్పుడు కర్ణుడు రంగమునకు వచ్చినాడు. అర్జునునితో సరిసమానముగా విద్యను చూపినాడు. ద్వంద్వమునకు పిలిచినాడు. అప్పుడు కృపాచార్యుడు లేచి, నీ తల్లిదండ్రులెవరు, నీ వంశమేది అని అడిగినాడు. కర్ణుడు తలవంచినాడు. దుర్యోధనుడు అప్పటికప్పుడు అంగరాజ్యమిచ్చి పట్టాభిషేకము చేయించినాడు. అంతలో ముసలి సూతుడు కొడుకును వెదకికొనుచు వచ్చుటయు, భీముడు ఎగతాళి చేయుటయు, ప్రొద్దు క్రుంకుటయు జరిగినది. పోటీ జరుగనే లేదు.

చిన్ననాడు ఈ ఘట్టము చదివినప్పుడు కృపునిపై నాకు కోపము వచ్చెడిది. ఇప్పుడు వేరొక విధముగా తోచుచున్నది. బరిలో దిగువాడెవడని అడుగుట ప్రతి పోటీకిని తప్పదు. ఆ రంగమున అడిగినది కులమును, అది అన్యాయము. ఏ తరగతి, ఎన్ని యేండ్లు, ఎన్ని దినముల హాజరు అని అడిగిన న్యాయము. దుర్యోధనుడు చేసినదేమి? అడిగిన గడిలో అప్పటికప్పుడు ఒక వ్రాత వ్రాసినాడు. కర్ణుడు ఆ వ్రాతకు జీవితాంతము బాకీ పడినాడు. ఈ ఘట్టమును నేనెందుకు మరువలేకున్నానో కొంతసేపటికి మీకే తెలియును.

ఇక మన దేశమున ప్రైవేటు ఉన్నత పాఠశాలలు కట్టుకొన్న కూటమి సంగతి. దానికి మూలము ఇంగ్లండులో కలదు. 1869లో ఎడ్వర్డ్ థ్రింగ్ అను ప్రధానోపాధ్యాయుడు అప్పింగ్‌హామ్ పట్టణమునకు తనవంటి ప్రధానోపాధ్యాయులను కొందరిని పిలిచినాడు. వారి కూడిక ఏటేట జరిగి హెడ్‌మాస్టర్స్ కాన్ఫరెన్సు అయినది. ఆ నమూనాపై మన దేశమున ఇండియన్ పబ్లిక్ స్కూల్స్ కాన్ఫరెన్సు 1939లో ఏర్పడినది. పబ్లిక్ స్కూలు అను మాటలో ఒక చమత్కారమున్నది. అది ప్రజలది కాదు. గొప్ప రుసుము చెల్లించువారి ప్రైవేటు పాఠశాలకు ఇంగ్లీషువారు పెట్టుకొన్న పేరు.

ఈ కూటమిలో చేరిన పాఠశాలల వంశవృక్షము చూచినచో రాజులు కనబడుదురు. ఆంగ్ల ప్రభుత్వము రాజకుమారులకు చదువు చెప్పించుటకు రాజకోటలో రాజకుమార కళాశాలను 1870లోను, అజ్మీరులో మేయో కళాశాలను 1875లోను, లాహోరులో ఎయిచిసన్ కళాశాలను 1886లోను తెరిపించినది. ఇందూరు, గ్వాలియరు, రాయపురములలోను అట్టివి వెలసినవి. క్రికెట్టులో ప్రపంచ ఖ్యాతి గడించిన రంజిత్‌సింహజీ ఆట నేర్చినది రాజకోట పాఠశాల మైదానమునందే. 1935లో డెహరాడూనులో పుట్టిన డూన్ పాఠశాల మాత్రము రాజుల కొడుకులకే అని గిరిగీయలేదు. అయినను రుసుము కట్టగలవారికే గదా. ఈ పాఠశాలల పిల్లలు ఏటేట ఒకరి ఇంటికి ఒకరు పోయి హాకీ, క్రికెట్టు, ఫుట్‌బాలు, పరుగుపందెములు ఆడుదురు, వాదవివాదములలోను పాల్గొందురు. అతిథి పాఠశాల పిల్లలు ఆతిథ్యమిచ్చు పాఠశాలలోనే తిని, అక్కడనే పడుకొందురు. 1947లో దేశము రెండైనప్పుడు లాహోరు పాఠశాల అవతలి దేశమునకు పోయినది.

ఈ కూటమి మన ప్రాంతమునకు ఎంత దగ్గరగా వచ్చినదో చూడుడు. హైదరాబాదున బేగంపేటలో 1923లో ఏడవ నిజాము కాలమున జాగీర్దార్స్ కాలేజి వెలసినది. జాగీరుదారుల, నవాబుల కొడుకులకు మాత్రమే అందు ప్రవేశము. మన గద్వాల, వనపర్తి, కొల్లాపురము, ఆత్మకూరు సంస్థానములు నాడు నిజాము రాజ్యములోనివే. 1949లో జాగీరులు రద్దయినవి. జాగీరుదారులే లేనప్పుడు జాగీరుదారుల కొడుకుల పాఠశాల ఏమి కావలెను? 1951లో అది హైదరాబాదు పబ్లిక్ స్కూలుగా మారి, అందరికిని తలుపు తెరచినది. ఈ కాన్ఫరెన్సులో సభ్యత్వము పొందినది. నేడు మైక్రోసాఫ్టు సంస్థను నడుపుచున్న సత్య నాదెళ్ళ ఆ పాఠశాల క్రికెట్టు జట్టులో ఆడినవాడే. ఒకనాడు తాను సరిగా బంతి వేయలేకపోగా, నాయకుడు బంతి తాను తీసికొని వికెట్టు పడగొట్టి, మరల బంతిని తనకే ఇచ్చినాడని, ఆ సంగతి తాను మరువలేదని ఆయన తన పుస్తకములో వ్రాసికొనెను. కోస్తాన విజయనగరము దగ్గర కోరుకొండ సైనిక పాఠశాలయు ఈ కూటమిలోనిదే. అది పూసపాటి రాజుల కోరుకొండ భవనమున 1960 దశకపు ఆరంభమున వెలసినది.

రాజభవనములు బడులగుట మనకును కొత్త కాదు. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిటి కళాశాల నడుచుచున్నది. వనపర్తి రాజభవనములో 1959లో పాలిటెక్నిక్ తెరచిరి. మా తండ్రిగారు పట్వారీలు. సంస్థానపు గడీ గుమ్మము దాటవలెనన్న చెప్పులు చేతబట్టుకొనిన దినములు ఆయన తండ్రిగారివి. ఆ గుమ్మమున నేడు సైకిళ్ళు ఆనించి పిల్లలు లోనికి పోవుచున్నారు.

ఆ ప్రైవేటు కూటమిని నేను పొగడుటకు లేవలేదు. మన ఊరి పిల్లవాడు దాని మైదానమును కలలో కూడ చూడలేదు. అయినను దానిలో ఒక గుణమున్నదని లెక్కలవానిగా ఒప్పుకొనవలెను. అది చిన్నది. ఒకరినొకరు ఎరిగినవారిది. పాఠశాల పేరు చెడినచో మరుసటి యేడు ముఖము చూపవలసినది అదే ఇంటిలో. ఈ గుణము మన పోటీలలో ఎట్లు లోపించినదో చెప్పెదను.

మన వైపున పాఠశాలల ఆటలు ప్రభుత్వపు చేతిమీదుగా నడిచినవి. దేశమంతటికిని స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954లో ఏర్పడినది. పదునాలుగు, పదునేడు, పందొమ్మిది యేండ్లలోపు అని పిల్లలను విభజించుట అట్టి పోటీల పద్ధతి. అంతకు పూర్వము ఊళ్ళలో ఆటలు లేవా? సమృద్ధిగా నుండెను. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడునకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములకంటె జనుల ఆటపాటలకు ఎక్కువ చోటిచ్చిరి. ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. కాని జాతరలో చెడుగుడు ఆడువానికి పట్టిక లేదు. ఊరికి ఊరు పోటీ. ఎవరి వయస్సు ఎవరడిగిరి? పాఠశాలలు ఆడ మొదలిడిన తరువాతనే పట్టిక వచ్చినది.

పోటీ నడుపు పద్ధతి ఒకటి చూడుడు. ఎనిమిది పాఠశాలలు వచ్చినవనుకొనుడు. ఓడినవాడు ఇంటికి పోవు పద్ధతిలో ఏడు ఆటలతో కప్పు తేలిపోవును. నాలుగు పాఠశాలలు ఒక్క ఆట ఆడి, మధ్యాహ్నమునకే బస్సెక్కును. రెండు పాఠశాలలు రెండేసి ఆటలు, రెండు పాఠశాలలు మూడేసి ఆటలు ఆడును. కూటమి పద్ధతిలో ప్రతివాడు ప్రతివానితో ఆడవలెను గనుక ఇరువది ఎనిమిది ఆటలగును. ప్రతి పాఠశాలకును ఏడు. ఖర్చు ఎక్కువ, దినములు ఎక్కువ. అందుచేతనే ప్రభుత్వపు పోటీలలో మొదటి పద్ధతి పాతుకొన్నది. కృష్ణకు ఆవల గద్వాల వైపునుండి తెల్లవారుజామున బయలుదేరి, బీచుపల్లి వంతెన దాటి వచ్చిన పిల్లలు, కూత పెట్టిన పావుగంటకే ఓడి, చెట్టు క్రింద పులిహోర తిని వెనుదిరిగిన దృశ్యము నేనెన్నోసార్లు చూచితిని. ఆ పిల్లవానికి మన ఊరు పేరైనను గుర్తుండదు. మనకు వాని ముఖము గుర్తుండదు. ముఖము గుర్తుండనివానిని మోసగించుట సులభము.

నవోదయ విద్యాలయములు 1986లో మొదలైనవి. మన వైపున బిజినేపల్లి దగ్గర వట్టెములో ఒకటి కలదు. అవి తమలో తాము క్లస్టరు, రీజియను అని ఏర్పరచుకొని ఆడుకొనును. వసతిగృహములున్న పాఠశాలలు గనుక అతిథులకు తిండి, పడక అమరును. ప్రభుత్వ సొమ్ముతో నడచు పాఠశాలలకు కూటమి గుణము రాదనువారు వానిని చూడవలెను. ఇక మన పట్టణములలో వీధికొకటి వెలసిన ప్రైవేటు ఉన్నత పాఠశాలలు. వానిలో కొన్నిటికి మైదానమే లేదు, మేడమీద మేడ. వానిని గూర్చి ఎక్కువ చెప్పను. వానిలో చదువు పిల్లలును మన పిల్లలే.

కూటమికి సొమ్ముకంటె ముఖ్యముగా కావలసినది ఒక కార్యదర్శి. ఇందుకు హైదరాబాదు కథ ఒకటి చాలును. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఈ నడుమ 2024లో వచ్చిన మైదాన్ అను చలనచిత్రముతో మరల అందరి నోట వినబడినది. ఆయన 1909లో హైదరాబాదున పుట్టెను. దేశపు ఫుట్‌బాలు గురువుగా అందరెరుగుదురు గాని, వృత్తిచేత బడిపంతులు. ఉస్మానియాలో బి.ఏ. చదివి, కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాటు మొదలైన పాఠశాలలలో పనిచేసెను. వ్యాయామ విద్యలోను డిప్లొమా పొందెను. 1943నుండి 1963లో కన్నుమూయువరకు, అనగా ఇరువది యేండ్లు, హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950నుండి 1954వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. దేశపు జట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడల స్వర్ణము తెచ్చినది. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందినది. ఈ కప్పులను అందరు లెక్కింతురు. నాకు ఆశ్చర్యము గొలుపునది ఆ ఇరువది యేండ్ల కార్యదర్శిత్వము. ఎన్ని జట్ల పట్టికలు, ఎన్ని ఆటల తేదీలు, ఎన్ని తగవులు! కార్యదర్శిగా నుండినవారికే ఆ బరువు తెలియును. మన కార్యదర్శిగారు తల ఊపుచున్నారు.

ఇప్పుడు బీరువాపైనున్న కప్పు సంగతి.

1984లో పట్వారీగిరి పోయినది. మా ఇంట లెక్కలు పోలేదు. 1990 దశకపు నడిమి సంవత్సరములలో ఊరి లెక్కల పని నాకు వచ్చినది. జనన మరణముల పుస్తకము నా చేతిలో నుండెను. ఆ రోజులలో మన పాఠశాలలో ఒక బాలుడుండెను. పేరు చెప్పను. వాని తల్లిదండ్రులు మేస్త్రీ వెంట వలస పోయి, దూరదేశపు కాలువ పనులలో రెండేండ్లుండిరి. పాలమూరు కూలీలు పోని కాలువ, కట్టని ఆనకట్ట దేశములో తక్కువ. పిల్లవాడును వారితో పోయినాడు. తట్టలు మోసినాడు. తిరిగివచ్చి తోటివారికంటె రెండు తరగతులు వెనుక కూర్చున్నాడు. మట్టి మోసిన భుజములు. కబడ్డీలో పట్టు పట్టినచో విడిపించుకొనువాడు లేడు. వయస్సు మాత్రము మించినది.

జోను పోటీలకు ముందునాటి సాయంకాలము, దీపము పెట్టు వేళ, ఆటల పంతులుగారు మా ఇంటికి వచ్చిరి. చాలాసేపు వానల సంగతి మాట్లాడిరి. పిమ్మట అసలు మాట చెప్పిరి.

"అన్నా, నీ చేతుల పని. రెండేండ్లు తగ్గిచ్చి ఒక కాయితం రాసియ్యి. పిల్లగాడు ఆడిండంటే ఊరికి పేరొస్తది."

"పుస్తకంల ఉన్నది గద సారూ," అంటిని.

"పుస్తకం ఎవరు చూస్తరన్నా? ఆడ కాయితమే చూస్తరు."

పుస్తకములో దిద్దలేదు. నకలులో మాత్రము 1979ని 1981గా వ్రాసితిని. అది నా తెలివి. పుస్తకము శుద్ధముగా నున్నది గదాయని ఆ రాత్రి నిద్రయు పట్టినది.

మరునాడు నేనును పోటీలు చూడబోతిని. మనవారు వరుసగా గెలిచిరి. చివరి ఆట కృష్ణ కావలి గ్రామపు పాఠశాలతో. వారి నాయకుడు బక్కపలుచని పిల్లవాడు. కూత పెట్టినచో పిట్టవలె తిరుగువాడు. ఆట ముగియుటకు కొంచెము ముందు మనవాడు వానిని వెనుకనుండి పట్టి ఎత్తి వేసినాడు. నియమము ప్రకారము పట్టులో తప్పు లేదు. ఆ పిల్లవాని భుజము కీలు తప్పినది. అరచిన అరపు నాకిప్పటికి వినబడుచునే యున్నది. ఎడ్లబండిపైనో జీపుపైనో తీసికొనిపోయిరి. మేము చూడలేదు, మేము కప్పుచుట్టు నుంటిమి. రాత్రి డప్పులతో ఊరేగింపు. నా మెడలోను ఒక దండ వేసిరి.

రెండేండ్ల బరువు భేదము ఆ వయస్సున ఎంతయో తండ్రులైనవారికి తెలియును. నేడు క్రికెట్టు బోర్డువారు చిన్నపిల్లల పోటీలకు మణికట్టు ఎముకను ఎక్స్‌రే తీయించి వయస్సు నిర్ణయించుచున్నారు. వ్రాతను నమ్మలేక ఎముకను అడుగుచున్నారన్నమాట. నా వంటి వ్రాతగాండ్రవల్లనే ఆ గతి పట్టినది.

కథ అక్కడ ముగియలేదు. నేను వ్రాసిన కాగితము పాఠశాల పట్టికలోనికి ఎక్కినది. అక్కడినుండి పదవ తరగతి సర్టిఫికెట్టులోనికి. వోటరు పట్టికలో నిజపు వయస్సు. కొన్నేండ్లకు ఆ బాలుడు ఒక ఉద్యోగమునకు ఎంపికయ్యెను. పత్రములు సరిచూచు దినమున రెండు తేదీలు కనబడినవి. ఉద్యోగము రాలేదు. మా ఇంటికి వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. నన్ను ఒక్కమాట అనలేదు. మంచినీళ్ళు త్రాగి పోయినాడు. నేడు ట్రాక్టరు నడుపుకొనుచున్నాడు. వాని కొడుకు తొమ్మిదవ తరగతి. ఈ గ్రంథాలయమునకు దినము విడిచి దినము వచ్చును. ఈ సంగతి సభలో చెప్పవచ్చునాయని పోయిన నెల నేను అడుగగా, "చెప్పు సారూ, దాచి ఇంకేం జేస్తవ్?" అన్నాడు. ఆ అనుమతితోనే చెప్పితిని.

ఎన్నడో జరిగిన దానికి ఆటల పంతులుగారిని నేను నిందింపను. ఆయన అడిగినారు, వ్రాసినది నా చేయి. వలసపోయి వచ్చిన పిల్లవానికి ఆడుటకు ఆ పోటీలలో వేరే చోటు లేకుండెను. దొంగకాగితముతో ఆడించుట, లేక గట్టుమీద కూర్చుండబెట్టుట, రెండే దారులు. మూడవ దారి ఎవరును ఆలోచింపలేదు, నేనును ఆలోచింపలేదు.

అందుచేత ఈ రజతోత్సవ సందర్భమున ఒక ప్రతిపాదన ముందుంచుచున్నాను. మన చుట్టుప్రక్కల ఆరు ఉన్నత పాఠశాలలు, ప్రభుత్వపువి నాలుగు, ప్రైవేటువి రెండు, ఒక చిన్న కూటమిగా చేరవలెను. ఆరింటికి పదునైదు ఆటలు. శనివారమునకు మూడు చొప్పున ఐదు శనివారములలో ముగియును. ఎవరును ఒక్క ఆటతో ఇంటికి పోరు. ఆతిథ్యమిచ్చు పాఠశాల మధ్యాహ్న భోజనము పెట్టవలెను. జట్టు పట్టికలు పాఠశాలలలో గాక గ్రంథాలయములలో ఉండవలెను. ఎవరైనను వచ్చి చూడవచ్చును, చూచినవాడు సంతకము చేయవలెను. ఇక వలసవల్లనో రోగమువల్లనో చదువు వెనుకబడి వయస్సు మించిన పిల్లలకు ప్రతి పాఠశాలయందును పెద్దల జట్టు అని వేరుగా నొకటి ఉండవలెను. వారు వారితో ఆడుదురు. సంఖ్య చాలనిచో రెండు పాఠశాలలు కలిసి ఒక జట్టు కట్టవచ్చును. బాలికలకును ఇదే క్రమము. ఖర్చు లెక్క వేసితిని. సున్నము, బంతులు, భోజనములు కలిసి ఊరికొక పెండ్లి పందిరి ఖర్చులో సగము కాదు. చిట్టా కార్యదర్శిగారివద్ద నున్నది.

2016వ సంవత్సరము అక్టోబరు 11న మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములు మూడు జిల్లాలకు ముఖ్యస్థానములైనవి. జిల్లా వేరయినచో పోటీ వేరగునని, ఏటి ఆవలివారితో మనకేమి పనియని కొందరు అనుచున్నారు. నేను చెప్పుచున్న ఆరు పాఠశాలలలో ఒకటి ఏటి ఆవలిదే. ఏది అని మీరడుగవలసిన పని లేదు.

ఆ పాఠశాలలో నాటి పట్టిక ఇంకను ఉన్నది. ఫోనుచేసి కనుగొంటిని. భుజము కీలు తప్పిన పిల్లవాని పేరు, తండ్రి పేరు, ఊరు అందులో నున్నవి. నేను ఇంతవరకు పోలేదు. ఇన్నేండ్లలో ఎన్నోసార్లు ఆ వంతెనమీదుగా కర్నూలుకు పోయి వచ్చితిని; ఆ ఊరి మలుపువద్ద దిగలేదు.

మన వస్తువుల పట్టికలో ఆ కప్పునకు ఎదురుగా "ఎట్లు వచ్చినది" అను గడిలో "జోను పోటీలలో గెలుపు" అని నా చేతితోనే వ్రాసియున్నది. ప్రక్క గడి, "వివరణము" అనునది, ఇరువది ఐదేండ్లుగా ఖాళీగా నున్నది. దానిని నింపుటకును, కప్పును పట్టికనుండి తొలగించి ఆవలి పాఠశాలకు ఒప్పగించుటకును కార్యవర్గపు తీర్మానము కావలెను. తీర్మానపు చిత్తు వ్రాసి అధ్యక్షులవారి బల్లమీద పెట్టితిని. ఆమోదించినచో వచ్చు శనివారము ఉదయపు బస్సునకు నేనును, ట్రాక్టరు నడుపు ఆ మిత్రుడును బయలుదేరెదము. తానును వచ్చెదనని ఆయన నిన్న చెప్పెను.

నాకిచ్చిన గడువు మించినది. సెలవు.